హ్యారీ మేన్ సీడీపీ స్టాకింగ్: సైస్మిక్ సర్వేపై తరచుగా అడిగే ప్రశ్నలు

నేలను కంపింపజేసి, భూగర్భ పొరల నుంచి వచ్చే ప్రతిధ్వనులతో చమురు, గ్యాస్ వెతికే సైస్మిక్ సర్వేల్లో ఫోల్డ్, స్టాక్, గ్యాదర్ అన్న మాటలు వినకుండా రోజు గడవదు. ఈ మాటలన్నీ ఒకే ఆవిష్కరణ చుట్టూ పుట్టినవి. కొత్తగా ఫీల్డ్‌కు, ప్రాసెసింగ్ సెంటర్‌కు వచ్చేవారు, జియోఫిజిక్స్ విద్యార్థులు ఎక్కువగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఇస్తున్నాం.

హ్యారీ మేన్ ఎవరు? ఆయన కనిపెట్టినది ఏమిటి?

విలియం హ్యారీ మేన్ అమెరికాలోని టెక్సస్ రాష్ట్రం, శాన్ ఆంటోనియోలోని పెట్టీ జియోఫిజికల్ ఇంజనీరింగ్ కంపెనీలో పనిచేసిన జియోఫిజిసిస్ట్. భూగర్భంలోని ఒకే బిందువు నుంచి వచ్చే ప్రతిధ్వనిని వేర్వేరు షాట్ (నేలలో పేలుడు), జియోఫోన్ (నేల కదలికను పట్టే పరికరం) దూరాలతో చాలాసార్లు రికార్డు చేసి, దూరం వల్ల వచ్చే ఆలస్యాన్ని సరిచేసి, అన్నిటినీ కలిపి (ఇదే స్టాక్) ఒకే ట్రేస్‌గా, అంటే ఒకే రికార్డు గీతగా, మార్చడం ఆయన పద్ధతి. దీనికి 1950లో పేటెంట్ దరఖాస్తు చేశారు, 1956 జనవరిలో మంజూరైంది. దీన్నే కామన్ డెప్త్ పాయింట్, పొట్టిగా సీడీపీ అంటారు. 1962లో జియోఫిజిక్స్ పత్రికలో ఆయన రాసిన వ్యాసంతో పద్ధతి పూర్తి వివరాలు అందరికీ చేరాయి.

ఇందులో కొత్త యంత్రం ఏదీ లేదు. ఉన్న షాట్లను, ఉన్న జియోఫోన్లను ఏ క్రమంలో జరపాలి, వచ్చిన ట్రేస్‌లను ఏ లెక్కన జతకట్టాలి అన్నదే ఆవిష్కరణ. మా దృష్టిలో దీని గొప్పతనం అక్కడే ఉంది.

అంతకుముందు సర్వే ఎలా చేసేవారు?

రిఫ్లెక్షన్ పద్ధతిని 1921లో ఓక్లహామాలో జాన్ క్లారెన్స్ కార్చర్ బృందం మొదటిసారి ఫీల్డ్‌లో పరీక్షించింది. ఆ తర్వాత మూడు దశాబ్దాలు పని తీరు దాదాపు ఒకటే. ఒక షాట్ పేల్చి, ఇరువైపులా పరిచిన జియోఫోన్ల కదలికను ఫొటో కాగితం మీద గీతలుగా తీసి, ముందుకు జరిగేవారు. భూగర్భంలో ఒక్కో బిందువుకు ఒక్కటే ట్రేస్. ఆ ట్రేస్‌లో గ్రౌండ్ రోల్ (నేల మీద అడ్డంగా పరుగెత్తే అల) పడినా, గాలి హోరు పడినా, మల్టిపుల్ (ఒకటికి మించి తిరిగి వచ్చే ప్రతిధ్వని) పడినా దాన్ని సరిచూసుకోవడానికి రెండో సాక్షి లేదు. మెత్తటి అవక్షేపాల్లో ఇది బాగానే నడిచింది. నేల చెడ్డదైతే రికార్డులో కనిపించే గీతల్లో ఏది నిజమో తేల్చడం అనుభవజ్ఞులకూ కష్టమయ్యేది.

ఒకే చోట ఎక్కువ జియోఫోన్లు పెట్టి కలిపితే సరిపోదా?

మేన్ కంటే ముందు చేసింది అదే. పది, ఇరవై జియోఫోన్లను ఒక వరుసలో తీగతో కలిపితే నేల మీద అడ్డంగా పరుగెత్తే గ్రౌండ్ రోల్ ఒకదానినొకటి కొట్టేసుకుంటుంది. కింది నుంచి దాదాపు నిలువుగా వచ్చే ప్రతిధ్వని మాత్రం అన్నిటినీ ఒకేసారి తాకి బలపడుతుంది. అయితే వరుస పొడవు శబ్దపు తరంగదైర్ఘ్యంతో సమానంగానైనా ఉండాలి. గ్రౌండ్ రోల్ వేగం సెకనుకు 300 మీటర్లు, పౌనఃపున్యం 10 హెర్ట్జ్ అనుకుంటే తరంగదైర్ఘ్యం 30 మీటర్లు, కాబట్టి ఇబ్బంది లేదు. శబ్దం వేగంగా, పొడవాటి తరంగాలతో వస్తే వరుసను వందల మీటర్లకు సాగదీయాలి. అప్పుడు ఒక్కో జియోఫోన్ భూగర్భంలో వేరే బిందువును చూస్తుంది, పొర వంగినా తెగినా ఆ వివరం కరిగిపోతుంది.

మేన్ ఈ చిక్కుముడినే విప్పారు. షాట్‌ను ఒకవైపు, జియోఫోన్‌ను రెండోవైపు సమాన దూరం జరిపితే వాటి మధ్యబిందువు కదలదు. పొర అడ్డంగా ఉంటే ప్రతిధ్వని ఆ మధ్యబిందువుకు సరిగ్గా కిందనే పుడుతుంది. కాబట్టి వరుసను ఎంత పొడవు చేసినా చూసే బిందువు ఒకటే.

ఫోల్డ్ అంటే ఏమిటి? ఎలా లెక్కించాలి?

ఒక మధ్యబిందువుకు ఎన్ని ట్రేస్‌లు పడ్డాయో అది ఫోల్డ్. 2డీ లైనుకు లెక్క సులువు: ఛానెళ్ల సంఖ్యను గ్రూపుల (ఒక్కో ఛానెల్‌కు కలిపిన జియోఫోన్ల) మధ్య దూరంతో గుణించి, షాట్ల మధ్య దూరానికి రెట్టింపుతో భాగించాలి. 240 ఛానెళ్లు, 25 మీటర్ల గ్రూపు దూరం, 50 మీటర్ల షాట్ దూరం అయితే 6000ను 100తో భాగిస్తే 60 ఫోల్డ్. మధ్యబిందువుల మధ్య దూరం గ్రూపు దూరంలో సగం, అంటే 12.5 మీటర్లు.

యాదృచ్ఛిక శబ్దం విషయంలో లాభం ఫోల్డ్‌కు వర్గమూలం మేరకే వస్తుంది. 6 ఫోల్డ్‌తో సిగ్నల్ శబ్దం కన్నా 2.4 రెట్లు మెరుగవుతుంది, 24తో 4.9 రెట్లు, 60తో 7.7 రెట్లు. ఖర్చు మాత్రం నేరుగా షాట్ల సంఖ్యతో పెరుగుతుంది. ఫోల్డ్ రెట్టింపు చేయమని అడిగేవారు లాభం 1.4 రెట్లేనన్నది ముందే తెలుసుకోవాలి. లైను రెండు చివర్లలో ఫోల్డ్ సున్నా నుంచి మెల్లగా పెరుగుతుంది కాబట్టి, లక్ష్యం మీద పూర్తి ఫోల్డ్ కావాలంటే లైనును ఆవలికి పొడిగించి షూట్ చేయాలి. బడ్జెట్ తగ్గించేటప్పుడు మొదట కోసేది ఈ పొడిగింపునే. తర్వాత బాధపడేది కూడా దాని గురించే.

ఇంత మంచి పద్ధతి వాడుకలోకి రావడానికి ఏళ్లు ఎందుకు పట్టింది?

మొదటి కారణం ఖర్చు. 24 ఛానెళ్ల సిబ్బంది 12 స్టేషన్లకు (జియోఫోన్ గ్రూపు పెట్టే చోట్లకు) ఒక షాట్ పేలిస్తే ఒక ఫోల్డ్ వస్తుంది. 12 ఫోల్డ్ కావాలంటే ప్రతి స్టేషన్‌లో పేల్చాలి, అంటే పన్నెండు రెట్ల డ్రిల్లింగ్, పన్నెండు రెట్ల పేలుడు పదార్థం.

రెండో కారణం రికార్డింగ్. ట్రేస్‌ను పైకీ కిందికీ జరిపితే తప్ప ఆలస్యం సరికాదు. కాగితం మీద గీసిన గీతను జరిపి మరో గీతతో కలపలేం. 1950ల్లో మాగ్నెటిక్ టేప్ వచ్చాక ఆ అడ్డంకి తొలగింది. తిరిగే డ్రమ్ము మీద చదివే హెడ్‌లను కదిపి ఆలస్యం సవరించి, తిరిగి కలిపి రాసేవారు. 1960ల్లో డిజిటల్ రికార్డింగ్, కంప్యూటర్లు వచ్చాక పద్ధతి పరిశ్రమంతటా పాకింది. ఫీల్డ్‌లో రోల్‌అలాంగ్ స్విచ్ కూడా అంతే ముఖ్యం: కేబుళ్లను విప్పి మళ్లీ పరవకుండా, పనిచేసే ఛానెళ్ల గుంపును ఒక్కో స్టేషన్ ముందుకు జరిపే వీలు దానితోనే కలిగింది. ఆనాటి అమెరికా చట్టం ప్రకారం పేటెంట్ గడువు మంజూరైన నాటి నుంచి 17 ఏళ్లు. అది 1973లో ముగిసింది.

ఎన్‌ఎంఓ సవరణ ఎలా పనిచేస్తుంది?

షాట్, జియోఫోన్ దూరం పెరిగేకొద్దీ ప్రతిధ్వని ఆలస్యంగా వస్తుంది. ఆ ఆలస్యమే నార్మల్ మూవ్‌అవుట్, ఎన్‌ఎంఓ. చేరే సమయపు వర్గం, సున్నా దూరం దగ్గరి సమయపు వర్గానికి, దూరాన్ని వేగంతో భాగించిన దాని వర్గాన్ని కలిపినదానికి సమానం.

ఉదాహరణకు సున్నా దూరంలో సమయం 2 సెకన్లు, వేగం సెకనుకు 2500 మీటర్లు అనుకోండి. 1000 మీటర్ల దూరంలో ఆలస్యం 40 మిల్లీసెకన్లు. 3000 మీటర్ల దూరంలో 332 మిల్లీసెకన్లు. ప్రతి ట్రేస్‌ను ఆ మేరకు పైకి జరిపితే గ్యాదర్‌లో, అంటే ఒకే మధ్యబిందువు ట్రేస్‌ల గుంపులో, వంపు తిరిగిన గీత తిన్నగా అవుతుంది, అప్పుడు కలపవచ్చు.

వేగం కొంచెం తప్పితే అంత నష్టమా?

పై ఉదాహరణలోనే 2500కు బదులు 5 శాతం ఎక్కువగా 2625 పెట్టి చూడండి. 1000 మీటర్ల దగ్గర తప్పు 4 మిల్లీసెకన్లకు మించదు. 3000 మీటర్ల దగ్గర 29 మిల్లీసెకన్లు. 25 హెర్ట్జ్ తరంగానికి ఒక పూర్తి ఊపు 40 మిల్లీసెకన్లు, సగం 20. అంటే దూరపు ట్రేస్‌లు దగ్గరి ట్రేస్‌లకు ఎదురు తిరిగి, కలిపినప్పుడు వాటినే చెరిపేస్తాయి. ఫోల్డ్ కోసం పెట్టిన ఖర్చు అక్కడ తుడిచిపెట్టుకుపోతుంది. స్టాక్ చూస్తే పొర బలహీనంగా ఉందనిపిస్తుంది కానీ వేగం తప్పిందని కనబడదు. అందుకే స్టాక్ ఒక్కటే చూసి తీర్పు చెప్పవద్దని, గ్యాదర్లు తెరవమని గట్టిగా చెబుతాం.

వేగం ఎలా ఎంచుకోవాలి?

ముందు ప్రాంతంలోని బావుల నుంచి లేదా పాత లైన్ల నుంచి తీసుకున్న ఒకే వేగపు పట్టికతో బ్రూట్ స్టాక్ (తొలి ముతక స్టాక్) వేయండి. దాని మీద పొరలు సాఫీగా ఉన్న చోట్లు గుర్తించి, అర కిలోమీటరు నుంచి ఒక కిలోమీటరుకు ఒకటి చొప్పున విశ్లేషణ బిందువులు పెట్టండి. ఒక్కోచోట పక్కపక్కనున్న కొన్ని మధ్యబిందువులను కలిపి సెంబ్లెన్స్ పటం గీయాలి. వేగాన్ని మెట్టు మెట్టుగా మారుస్తూ ట్రేస్‌లు ఎక్కడ బాగా కలుస్తున్నాయో ఆ పటం చూపిస్తుంది. పక్కనే సవరించిన గ్యాదర్‌ను ఉంచుకోండి. సెంబ్లెన్స్ శిఖరం ఎంత ఎత్తుగా ఉన్నా గ్యాదర్ తిన్నగా లేకుంటే ఆ పిక్, అంటే ఎంచుకున్న వేగం, తప్పే.

తక్కువ వేగంలో కనబడే రెండో శిఖరాల వరుసను జాగ్రత్తగా వదిలేయాలి. అవి చాలావరకు మల్టిపుల్స్.

ఇక ఈ వేగాల నుంచి డిక్స్ సూత్రంతో ఒక్కో పొర సొంత వేగం తీసేటప్పుడు పలచని పొరలు మోసం చేస్తాయి. 1 సెకను దగ్గర 2000, 1.5 సెకన్ల దగ్గర 2400 పిక్ చేస్తే మధ్య పొర వేగం 3046 వస్తుంది. కింది పిక్ 2 శాతం ఎక్కువైతే జవాబు 4 శాతం పెరుగుతుంది. అదే రెండు పిక్‌ల మధ్య 0.1 సెకనే ఉండి, కింద 2060 పిక్ చేసిన చోట 2 శాతం తప్పితే 2584 కాస్తా 2927 అవుతుంది, 13 శాతం తేడా. దగ్గరదగ్గరగా పిక్‌లు కుమ్మరించడం సూక్ష్మత కాదు.

మల్టిపుల్స్‌ను స్టాక్ నిజంగా తొలగిస్తుందా?

పొరల మధ్యో సముద్రపు అడుగుకూ నీటిమట్టానికీ మధ్యో రెండుసార్లు తిరిగి వచ్చే ప్రతిధ్వని మల్టిపుల్. పైనున్న నెమ్మది పొరల్లోనే తిరిగింది కాబట్టి, అదే సమయానికి లోతు నుంచి వచ్చిన ప్రైమరీ (ఒక్కసారే తిరిగి వచ్చిన అసలు ప్రతిధ్వని) కంటే దాని వేగం తక్కువ, వంపు ఎక్కువ. ప్రైమరీ వేగంతో సవరిస్తే ప్రైమరీ తిన్నగా అవుతుంది, మల్టిపుల్ వంగే ఉంటుంది, కలిపితే బలహీనపడుతుంది. ఈ గుణం అన్నిటికంటే విలువైనది. యాదృచ్ఛిక శబ్దాన్ని తగ్గించే దారులు ఇంకా ఉన్నాయి, కానీ ప్రతిధ్వనిలాగే కనబడే అబద్ధాన్ని పట్టుకునే దారి ఆ రోజుల్లో మరొకటి దాదాపు లేదు.

కృష్ణా గోదావరి బేసిన్ లోతు నీటి బ్లాకులను తలచుకుంటే ఇది బాగా అర్థమవుతుంది. నీటి లోతు 1000 మీటర్లైతే అడుగు ప్రతిధ్వని 1.33 సెకన్లకు, దాని మల్టిపుల్ 2.67 సెకన్లకు వస్తుంది. అదే సమయానికి 1900 వేగంతో ఒక ప్రైమరీ ఉందనుకుందాం. 4000 మీటర్ల దూరంలో రెండింటి మధ్య తేడా 373 మిల్లీసెకన్లు, అక్కడ మల్టిపుల్ నిలవలేదు. 500 మీటర్ల దూరంలో తేడా సుమారు 8 మిల్లీసెకన్లే, అక్కడ అది ప్రైమరీతో చక్కగా కలిసిపోతుంది. కాబట్టి దగ్గరి ట్రేస్‌లే మల్టిపుల్‌ను స్టాక్‌లోకి మోసుకొస్తాయి. వాటిని కొంతమేర కత్తిరించడం, రేడాన్ పద్ధతితో వంపును బట్టి విడదీయడం, సముద్రపు ఉపరితల మల్టిపుల్స్‌ను ముందే అంచనా వేసి తీసివేయడం అందుకే అవసరం.

స్ట్రెచ్ మ్యూట్ ఎందుకు వేస్తారు?

లోతు తక్కువ, దూరం ఎక్కువ ఉన్నచోట ఎన్‌ఎంఓ తరంగాన్ని రబ్బరులా సాగదీస్తుంది. 0.4 సెకన్ల దగ్గర, 1800 వేగంతో, 1500 మీటర్ల దూరంలో సవరణే 524 మిల్లీసెకన్లు, సాగు 131 శాతం. అలాంటి ట్రేస్ కలిస్తే పైపొరల వివరం మసకబారుతుంది. 30 నుంచి 50 శాతం దాటిన భాగాన్ని కత్తిరించడం వాడుక. దీనివల్ల పైభాగంలో అసలు ఫోల్డ్ కాగితం మీది ఫోల్డ్ కంటే చాలా తక్కువగా ఉంటుంది. లోతు తక్కువ లక్ష్యాలకు సర్వే డిజైన్ చేసేవారు మ్యూట్ తర్వాతి ఫోల్డ్‌ను లెక్కించాలి.

స్టాటిక్స్ సరిగా లేకపోతే ఏమవుతుంది?

నేల మీది వదులు పొర మందం స్టేషన్‌కూ స్టేషన్‌కూ మారుతుంది. దానివల్ల వచ్చే ఆలస్యాల సవరణే స్టాటిక్స్. 10 మీటర్ల వదులు మట్టిలో వేగం 600, దాని కింద 1800 అయితే ఆ పది మీటర్లు తెచ్చే అదనపు ఆలస్యం 11 మిల్లీసెకన్లు. ఎన్‌ఎంఓ ఎంత చక్కగా చేసినా ఈ ఎగుడుదిగుళ్లు మిగిలితే ట్రేస్‌లు కలవవు.

యాదృచ్ఛికమైన స్టాటిక్స్ తప్పు సగటున 4 మిల్లీసెకన్లుంటే 20 హెర్ట్జ్ దగ్గర స్టాక్ బలం 88 శాతం నిలుస్తుంది, 50 హెర్ట్జ్ దగ్గర 45 శాతానికి పడిపోతుంది. బొమ్మ నునుపుగా, శుభ్రంగా కనబడుతుంది కానీ పలచని ఇసుక పొరలు మాయమవుతాయి. నునుపుదనం చూసి సంతోషించవద్దు.

ఫీల్డ్‌లో చేయాల్సినవి: అప్‌హోల్ సమయాలు (షాట్ నుంచి కంపనం నేల పైకి చేరే సమయాలు) ప్రతి షాట్‌కూ రాయడం, షాట్ హోల్‌ను వదులు పొర కిందికి దించడం, లైను పొడవునా తగినన్ని చోట్ల వదులు పొర మందాన్ని విడిగా కొలవడం. ప్రాసెసింగ్‌లో ముందు ఎత్తు, వదులు పొరల సవరణ, తర్వాత వేగాలు, తర్వాత మిగులు స్టాటిక్స్, మళ్లీ వేగాలు. ఈ చక్రం కనీసం రెండుసార్లు తిరగాలి, ఎందుకంటే ఒకదాని తప్పు మరోదానిలో దాక్కుంటుంది.

పొర వాలుగా ఉంటే మేన్ లెక్క చెల్లుతుందా?

పూర్తిగా చెల్లదు. వాలు పొర మీద ప్రతిధ్వని బిందువు మధ్యబిందువు కింద ఉండదు, దూరం పెరిగేకొద్దీ వాలు ఎగువకు జరుగుతుంది. అందుకే ఇప్పుడు కామన్ డెప్త్ పాయింట్ అనకుండా కామన్ మిడ్‌పాయింట్, సీఎంపీ అనడం సరైనదని భావిస్తారు. ఫీల్డ్‌లో పాత పేరూ బతికే ఉంది.

వాలు ఉన్నచోట స్టాకింగ్ వేగం, అసలు వేగాన్ని వాలు కోణపు కొసైన్‌తో భాగించినంత ఉంటుంది. 30 డిగ్రీల వాలుకు 2500 కాస్తా 2887 అవుతుంది. ఒకేచోట, ఒకే సమయంలో అడ్డంగా ఒక పొర, ఏటవాలుగా ఒక ఫాల్ట్ (పొరలు తెగి జరిగిన చోటు) తలం ఉంటే రెండింటికీ సరిపడే వేగం ఒక్కటి ఉండదు. ఒకటి ఎంచుకుంటే రెండోది పోతుంది. చమురు ఆగే చోట్లను ఫాల్టులే తీర్చిదిద్దుతాయి కాబట్టి ఇది చిన్న లోపం కాదు. డిప్ మూవ్‌అవుట్, అంటే డీఎంఓ, ఆ తర్వాత ప్రీస్టాక్ మైగ్రేషన్ (స్టాక్‌కు ముందే ప్రతిధ్వనులను వాటి అసలు చోటికి చేర్చడం) ఈ ఒక్క ఊహను సరిదిద్దడానికే ఎదిగాయి. మధ్యబిందువు కిందే ప్రతిధ్వని పుడుతుందన్న ఊహ పద్ధతికి ప్రాణం పోసింది. దాని హద్దు కూడా అదే.

గ్యాస్ వెతికేటప్పుడు స్టాక్ ఏదైనా దాచేస్తుందా?

దాచేస్తుంది. స్టాక్ అంటే సగటు. గ్యాస్ ఉన్న ఇసుక పొర ప్రతిధ్వని బలం దూరంతో మారుతుంది: కొన్నిచోట్ల దూరం పెరిగేకొద్దీ పెరుగుతుంది, కొన్నిచోట్ల గుర్తే తిరగబడుతుంది. గుర్తు తిరగబడే చోట సగటు సున్నా దగ్గరికి వస్తుంది, గ్యాస్ పొర కనబడకుండా పోవచ్చు. అందుకే దగ్గరి, మధ్య, దూరపు ట్రేస్‌లను విడివిడిగా స్టాక్ చేసి పోల్చి చూస్తారు. దీనికి ముడిపదార్థం మేన్ గ్యాదరే. ప్రాసెసింగ్‌లో ప్రతి ట్రేస్ బలాన్నీ సమం చేసే ఏజీసీని ముందే వేసేస్తే ఈ సమాచారం తిరిగి రాదు.

బసాల్ట్ కింద ఎందుకు బొమ్మ సరిగా రాదు?

రాజమండ్రి దగ్గర బయటపడే ట్రాప్ రాళ్లు (గడ్డకట్టిన లావా, బసాల్ట్) కృష్ణా గోదావరి బేసిన్‌లో తూర్పుకు పోయేకొద్దీ అవక్షేపాల కింద ఉంటాయి. మెత్తటి పొరల కింద ఒక్కసారిగా వేగమైన బసాల్ట్ వస్తే శక్తిలో పెద్ద భాగం దాని పైతలం నుంచే వెనక్కి వస్తుంది, లోపలికి పోయినది అనేక లావా పొరల మధ్య చెదిరిపోతుంది. పైగా ఆ బలమైన తలం మల్టిపుల్స్‌ను పుట్టించి, కింది బలహీన ప్రతిధ్వనుల మీద పరుస్తుంది. ఇక్కడ ఫోల్డ్ పెంచినంత మాత్రాన ఫలితం రాదు. తక్కువ పౌనఃపున్యాల శక్తి, చాలా పొడవైన ఆఫ్‌సెట్లు (షాట్, జియోఫోన్ మధ్య దూరాలు), రిఫ్రాక్షన్ (పొరల వెంట వంగి వచ్చే తరంగాల) సమాచారం కలిపి వాడాలి. హైదరాబాద్‌లోని ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) 1970ల్లోనే కావలి నుంచి ఉడిపి వరకు లోతైన సైస్మిక్ ప్రొఫైల్ చేసి దూరపు రికార్డింగ్ పద్ధతులను మన దేశంలో మొదలుపెట్టింది.

సర్వే డిజైన్‌లో ఏ కొలతలు ముందు తేల్చుకోవాలి?

గరిష్ఠ ఆఫ్‌సెట్ దాదాపు లక్ష్యం లోతంత ఉండాలి. 3000 మీటర్ల లక్ష్యానికి 3000 మీటర్లు. తక్కువైతే ప్రైమరీ, మల్టిపుల్ వంపుల మధ్య తేడా చాలదు, వేగం తేలదు. మధ్యబిందువుల దూరం ఎంత ఉండవచ్చో తెలియాలంటే వేగాన్ని, పౌనఃపున్యం, వాలు కోణపు సైన్, నాలుగు, ఈ మూడింటి గుణకారంతో భాగించాలి. 3000 వేగం, 50 హెర్ట్జ్, 30 డిగ్రీలకు 30 మీటర్లు వస్తుంది, అంటే గ్రూపు దూరం 60 మీటర్ల వరకు సరే. కానీ పైన చెప్పిన 30 మీటర్ల గ్రౌండ్ రోల్‌ను కంప్యూటర్‌లో విడదీయాలంటే గ్రూపు దూరం 15 మీటర్లకు మించకూడదు. ఈ రెండు అవసరాల్లో ఏది గెలవాలన్నది టెస్ట్ షాట్ల రికార్డు చూశాక నిర్ణయించండి.

3డీలో ఇన్‌లైన్ (రిసీవర్ లైన్ల వెంట) ఫోల్డ్‌ను క్రాస్‌లైన్ (వాటికి అడ్డంగా) ఫోల్డ్‌తో గుణించాలి. సాధారణ అమరికలో పది రిసీవర్ లైన్లు ఉంటే క్రాస్‌లైన్ ఫోల్డ్ ఐదు. మొత్తం సంఖ్య కంటే ఒక్కో బిన్‌లో (మధ్యబిందువులను పోగుచేసే చిన్న గడిలో) దగ్గరి, దూరపు ఆఫ్‌సెట్లు సమంగా పడ్డాయా అన్నదే ముఖ్యం.

స్టాక్ చెడితే మొదట ఏం వెతకాలి?

జామెట్రీ, అంటే షాట్లు, జియోఫోన్లు ఎక్కడున్నాయో రాసిన లెక్క. షాట్ స్టేషన్ నంబరు ఒక్కటి తప్పు రాసినా ఆ షాట్ ట్రేస్‌లన్నీ తప్పు మధ్యబిందువులకు, తప్పు దూరాలతో పోతాయి. ప్రతి షాట్ రికార్డు మీద, రాసిన దూరాల ప్రకారం లెక్కించిన మొదటి రాక సమయాలను గీసి, అసలు రాకలతో పోల్చండి. గీత ఒకవైపు జరిగి ఉంటే షాట్ చోటు తప్పు. రెండు వైపులా వాలు వేరైతే స్ప్రెడ్ (పరిచిన జియోఫోన్ల వరుస) తప్పు. చెరువులు, ఊళ్లు, వరిచేలు అడ్డొచ్చి పక్కకు జరిపిన షాట్లు ఇందులో ఎక్కువగా దొరుకుతాయి.

తర్వాత తలకిందులుగా కలిపిన జియోఫోన్ తీగలు. వాటి మొదటి రాక పక్కవాటికి ఎదురుగా తిరిగి ఉంటుంది. ఆ తర్వాత చచ్చిన ట్రేస్‌లు, కరెంటు లైన్ల 50 హెర్ట్జ్ హోరు. సముద్రంలో అయితే ప్రవాహానికి స్ట్రీమర్ (ఓడ వెనక లాగే రిసీవర్ల కేబుల్) పక్కకు కొట్టుకుపోవడం, దాన్నే ఫెదరింగ్ అంటారు. దానివల్ల ఒకే బిన్ అనుకున్న ట్రేస్‌లు పదుల మీటర్ల అవతలి బిందువులను చూస్తుంటాయి. వేగాలు, స్టాటిక్స్ మీద రోజులు పెట్టేముందు ఇవన్నీ ఒక పూటలో చూసేయవచ్చు.